కిరిబాస్ దీవుల్లో ఊరు, బావి, కొబ్బరిచెట్టు

అందరికీ నమస్కారమండీ. పసిఫిక్ దీవుల మీద మాట్లాడమని అడిగారు. ముందు వరసల్లో పిల్లలున్నారు, వెనక రిటైరైన మాస్టార్లున్నారు, కాబట్టి క్లాసులా కాకుండా మామూలుగా చెప్పుకుంటూ పోతాను. మధ్యలో ఎవరికి ఏం అడగాలనిపించినా చెయ్యెత్తండి, ఆగుతాను.

పసిఫిక్ దీవి అనగానే మనకి క్యాలెండర్ బొమ్మ గుర్తొస్తుంది. తెల్లటి ఇసుక, ఒడ్డు మీదికి ఒరిగిన కొబ్బరిచెట్టు, నీలం నీళ్ళు. బొమ్మ అబద్ధమేం కాదు, ఆ ఇసుకా ఉంది, ఆ చెట్టూ ఉంది. కానీ ఆ ఇసుక మీద ఒక ఊరు నిలబడాలంటే, జనం రెండు వేల ఏళ్ళుగా పిల్లాపాపలతో అక్కడ బతకాలంటే ఏం కావాలి అన్నది ఆ బొమ్మలో కనపడదు. మంచినీళ్ళు కావాలి. ఆ ఊళ్ళ గురించి ఏది చదివినా, పంట ఎలా పండిస్తారన్నా, భూమి ఎలా పంచుకుంటారన్నా, ఎవరు ఎందుకు ఊరొదిలి పోయారన్నా, నాకు ప్రతిసారీ కథ బావి దగ్గరికే వచ్చి ఆగుతోంది. అందుకని ఇవాళ సముద్రం గురించి తక్కువ, నీళ్ళ గురించి ఎక్కువ మాట్లాడతాను.

పసిఫిక్‌లో దీవులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి, అగ్నిపర్వతాల వల్ల లేచిన ఎత్తు దీవులు. ఫిజీ, సమోవా అలాంటివి. ఫిజీలో విటిలేవు అనే పెద్ద దీవి మీద తొమనీవి అనే కొండ 1324 మీటర్లు ఉంటుంది. ఆగ్నేయం నుంచి వచ్చే గాలి ఆ కొండలకి తగిలి వాన కురుస్తుంది, కాబట్టి సూవా వైపు ఏడాదంతా తడి, కొండకి అవతల నాడీ వైపు పొడి, చెరుకుతోటలు అటే. నదులున్నాయి, మట్టి ఉంది, అడవి ఉంది. అక్కడ ఊరు కట్టుకోవడం మనకి తెలిసిన పద్ధతే.

రెండోది పగడపు దీవి, అటాల్ అంటారు. సముద్రంలోంచి లేచిన అగ్నిపర్వతం చుట్టూ పగడాలు పెరుగుతాయి, లక్షల ఏళ్ళల్లో కొండ మెల్లగా కిందికి కుంగిపోతుంది, పగడాలు మాత్రం వెలుతురు కోసం పైకి పెరుగుతూనే ఉంటాయి, చివరికి కొండ మాయమై ఉంగరంలా పగడపు దిబ్బ, దాని మధ్యలో లగూన్ అనే లోతు తక్కువ నీళ్ళు మిగులుతాయి. ఈ మాట 1842లో చార్లెస్ డార్విన్ రాశాడు. ఆయన అప్పటికి చూసింది పైపైనే, తవ్వి చూపించే సాధనం ఆ రోజుల్లో లేదు. 1952లో మార్షల్ దీవుల్లో ఎనెవెటక్ దగ్గర డ్రిల్లింగ్ చేస్తే దాదాపు 1400 మీటర్ల దాకా సున్నపురాయే వచ్చి, దాని కింద అగ్నిపర్వతపు రాయి తగిలింది. నూటపదేళ్ళ తర్వాత ఆ ఊహ నిజమని తేలింది. ఈ విషయం క్లాసులో చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

నేను ఇవాళ చెప్పబోయే దేశం దాదాపు మొత్తం ఈ రెండో రకమే. కిరిబాస్. మ్యాప్‌లో కిరిబాటి అని రాసి ఉంటుంది, అక్కడివాళ్ళు పలికేది కిరిబాస్ అని, మనమూ అలాగే అందాం. 33 దీవులు, మొత్తం నేల 811 చదరపు కిలోమీటర్లు, అందులో దాదాపు సగం ఒక్క క్రిస్మస్ దీవే. కానీ ఆ దేశానికి హక్కున్న సముద్రం దాదాపు 35 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన భారతదేశం నేలకంటే ఎక్కువ. పడమటి చివర నుంచి తూర్పు చివరకి 4000 కిలోమీటర్లకు పైనే. భూమధ్యరేఖకి అటూ ఇటూ, తేదీ మారే గీత, దినరేఖ అంటారు, దానికి కూడా అటూ ఇటూ ఉండేది, దాంతో ఒకే దేశంలో సగం చోట ఆదివారం, సగం చోట సోమవారం. ఆఫీసులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వారంలో నాలుగు రోజులే దొరికేవి, అందుకని 1995లో ఆ గీతనే తూర్పుకి జరిపేసుకున్నారు. జనాభా 2020 లెక్కల్లో లక్షా ఇరవై వేలు. బనాబా అనే ఒక్క దీవి తప్ప మిగతా నేల చాలావరకు సముద్ర మట్టం మీద రెండు మూడు మీటర్లే. బనాబా దగ్గరికి తర్వాత వస్తాను, అది వేరే కథ, బాధపెట్టే కథ.

సరే, ఇలాంటి చోట మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? నది లేదు, చెరువు లేదు, కొండ లేదు. పడ్డ వాన పడ్డట్టే పగడపు ఇసుకలోకి ఇంకిపోతుంది. ఇసుక కింద సముద్రపు నీళ్ళున్నాయి. మంచినీళ్ళు ఉప్పునీళ్ళకంటే తేలిక కాబట్టి, ఇంకిన వాన నీళ్ళు ఉప్పునీటి మీద తేలుతూ ఒక పొరలా నిలబడతాయి, మధ్యలో మందంగా, అంచుల్లో పల్చగా. మాది సముద్రం ఒడ్డు ఊరు, మా అమ్మావాళ్ళు ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తోడేవాళ్ళు. కెరటానికి అంత దగ్గర్లో తియ్యటి నీళ్ళెలా వస్తున్నాయని చిన్నప్పుడు ఆశ్చర్యపోయేవాణ్ణి. ఆ చెలమ వెనకున్న సూత్రమే ఇక్కడ ఒక దేశాన్నంతా నిలబెడుతోంది. తేడా ఏంటంటే, మా ఊళ్ళో చెలమ ఎండితే వెనక కాలవ ఉంది, గోదావరి ఉంది. వాళ్ళకి వెనకా సముద్రమే.

ఈ పొర లెక్కని 1888 ప్రాంతంలో గైబెన్ అనే డచ్చి ఇంజనీరు, తర్వాత 1901లో హెర్జ్‌బెర్గ్ అనే జర్మన్ ఇంజనీరు విడివిడిగా కట్టారు. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీళ్ళుంటే, కింద నలభై మీటర్లు ఉంటాయని. ఇది కాగితం మీద లెక్క. నిజానికి పోటూ పాటూ వల్ల కింది భాగం కలిసిపోయి ఉప్పగా మారుతుంది, మిగిలే మంచి పొర చాలా తక్కువ. నేల వెడల్పు రెండు మూడు వందల మీటర్లయినా లేకపోతే కలకాలం నిలిచే పొర ఏర్పడదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే అక్కడ ఒక చిన్న దీవి మీద ఊరుందా లేదా అన్నది చాలా వరకు ఈ వెడల్పు చెప్పేస్తుంది. పక్కపక్కనే రెండు ముక్కలుంటాయి, ఒకదాని మీద ఊరు, చర్చి, బడి, రెండోదాని మీద కొబ్బరిచెట్లు తప్ప ఏమీ ఉండదు.

వాన కూడా అన్నిచోట్లా ఒకేలా పడదు. ఉత్తరాన బుటారిటారి దీవిలో ఏడాదికి 3000 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, దక్షిణం దీవుల్లో అందులో మూడో వంతు. పైగా ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ పొంతన ఉండదు. మనం ఎల్ నినో అని పేపర్లో చదవగానే వర్షాలు ఎలా ఉంటాయో అని టెన్షన్ పడతాం కదా, వాళ్ళకి ఎల్ నినో వస్తే వానలు. లా నినా వస్తే కరువు. 2020 నుంచి వరసగా లా నినా ఏళ్ళు వచ్చాక, 2022 జూన్‌లో ఆ దేశం కరువు విపత్తు ప్రకటించింది. ఒకే సముద్రం వేడెక్కడం, చల్లబడడం మనకి ఒకలా, వాళ్ళకి ఇంకోలా తగులుతుంది.

ఇప్పుడు ఊళ్ళోకి వెళ్దాం. దీవి ఒక సన్నటి పట్టీలా ఉంటుంది, ఒక పక్క లగూన్, ఒక పక్క మహాసముద్రం. కుటుంబాల భూములు ఈ పక్క నీళ్ళ నుంచి ఆ పక్క నీళ్ళ దాకా అడ్డంగా కోసిన ముక్కల్లా ఉంటాయి. కారణం ఆలోచించండి. అలా కోస్తేనే ప్రతి ఇంటికీ చేపలు పట్టుకునే లగూన్ ఒడ్డు వస్తుంది, మధ్యలో మంచినీటి పొర మందంగా ఉన్న చోటులో ఒక భాగం వస్తుంది, సముద్రం వైపు కొబ్బరీ మొగలీ వస్తాయి. నిలువుగా కోసుంటే ఒకరికి నీళ్ళన్నీ, ఒకరికి ఉప్పుగాలంతా. భూమి తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ కూడా వస్తుంది, ఆడపిల్లలకీ వాటా ఉంది. దాంతో తరాలు గడిచేకొద్దీ ముక్కలు మరీ చిన్నవైపోయి, భూమి తగాదాలు కోర్టుల నిండా ఉంటాయి. అది మనకి కొత్తేం కాదు.

ఇళ్ళు సాధారణంగా లగూన్ వైపే ఉంటాయి, గాలీ కెరటం తక్కువ కాబట్టి. పాత పద్ధతి ఇల్లంటే మంచె లాంటిదే: కొబ్బరి కర్రల మీద నేల నుంచి మూడడుగుల ఎత్తులో తట్టు, గోడల్లేవు, మొగలాకుతో నేసిన కప్పు, పక్కలకి దించుకునే చాపలు. పగలంతా గాలి ఇటునుంచి అటు వెళ్ళిపోతుంది.

అన్నిటికంటే నేను మీకు చూపించాలనుకునేది బ్వాబ్వాయ్ గుంట. బ్వాబ్వాయ్ అంటే మన చేమ జాతి దుంపే, కానీ రాక్షసి రకం, ఆకు మనిషి కంటే ఎత్తు పెరుగుతుంది. దానికి కాళ్ళు ఎప్పుడూ తడిలో ఉండాలి. ఇసుక నేలలో తడి ఎక్కడుంది? కింద, మంచినీటి పొరలో. అందుకని నేలనే తవ్వుకుంటూ ఆ పొర తగిలేదాకా దిగారు. రెండు మూడు మీటర్ల లోతు గుంటలు, కొన్ని పెద్ద గది అంత, కొన్ని ఊరి చెరువంత, ఇనుము లేని రోజుల్లో గవ్వలతో, కర్రలతో, పగడపు రాళ్ళు పెళ్ళగించి తవ్వినవి. వందల ఏళ్ళ నాటి గుంటల్లో ఇప్పటికీ దుంప వేస్తున్నారు.

గుంట తవ్వితే సరిపోదు. అడుగున ఉన్నది సున్నపు ఇసుక, మొక్కకి కావలసిన ఇనుము లాంటివి అందులో దొరకవు. కాబట్టి మట్టినే తయారు చేస్తారు. ప్రతి మొక్క చుట్టూ మొగలాకుతోనో కొబ్బరాకుతోనో అడుగు లేని బుట్ట అల్లుతారు. ఆ బుట్టలో సీమపనస ఆకులు, ఇంకొన్ని ఎంచుకున్న చెట్ల ఆకులు ఎండబెట్టి, తరిగి, కూరుతారు, పైన నల్లమట్టి ఎక్కడైనా దొరికితే అది వేస్తారు. అది కుళ్ళుతుంది, దుంప ఊరుతుంది, మళ్ళీ బుట్ట పైకి అల్లుతారు, మళ్ళీ ఆకులు. ఏ ఆకు ఎంత, ఏ నెలలో, ఏ ఆకు ముందు అన్నది ఇంటి రహస్యం. తాత మనవడికి చెప్తాడు, పక్కింటివాడికి చెప్పడు. పేరున్న దుంపని ఏళ్ళ తరబడి అలా పెంచి, ఒక పెళ్ళికో, పెద్ద విందుకో పైకి తీస్తారు. పది మందీ మోసుకొచ్చిన ఆ దుంప సైజు చూసి ఆ ఇంటాయన పనితనం ఊరంతా చెప్పుకుంటుంది. మట్టి లేనిచోట మట్టిని బుట్టలో అల్లుకున్న మనుషులండీ వాళ్ళు. వ్యవసాయం అన్న మాట నాకు తెలిసినంతలో ఇంతకంటే కష్టపడి సంపాదించుకున్నవాళ్ళు లేరు.

ఎవరో చెయ్యెత్తారు. ఆ, చెప్పమ్మా. "గుంటలోకి ఉప్పునీళ్ళు వస్తే?" మంచి ప్రశ్న. పెద్ద పోటు వచ్చి కెరటం నేల మీదుగా దాటి గుంటలో పడితే, పంట పోతుంది, ఆకులు పసుపెక్కి దుంప కుళ్ళిపోతుంది. గుంట లోతట్టుగా ఉంది కాబట్టి ఉప్పు అక్కడే నిలుస్తుంది. మళ్ళీ వానలు కడిగి తియ్యగా అయ్యేసరికి ఏడాదీ పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. మళ్ళీ దుంప వేసి అది విందుకి తగ్గట్టు ఊరడానికి ఇంకొన్నేళ్ళు. అంటే ఒక్క రాత్రి కెరటం ఒక ఇంటి పదేళ్ళ పనిని తీసుకుపోగలదు.

కరువులో బావి ఉప్పదనానికి తిరిగినప్పుడు వాళ్ళని కాపాడేది కొబ్బరిచెట్టు. బొండాం సంగతి మనకి తెలిసిందే, నేను చెప్పేది గీత గురించి. కొబ్బరి పొత్తి విచ్చకముందే దాన్ని తాడుతో బిగించి కట్టి, కొసన పల్చగా ఒక పొర కోస్తే చుక్క చుక్కగా రసం కారుతుంది. పొద్దునా సాయంత్రం రెండు పూటలా మగవాళ్ళు చెట్టెక్కి, నిండిన చిప్ప దించి, ఇప్పుడైతే సీసా, కొస మళ్ళీ సన్నగా గీసి, ఖాళీ చిప్ప తగిలించి దిగుతారు. పైన ఉన్నంతసేపూ గొంతెత్తి పాడతారు, ఊళ్ళో పొద్దు పొడిచిందనడానికీ గుంకిందనడానికీ ఆ పాటలే గుర్తు. మన గీత కార్మికులు చేసే పనే ఇది, కానీ అక్కడ అది ఒక కులం పనీ కాదు, వ్యాపారమూ కాదు. ప్రతి ఇంట్లో కుర్రాడు నేర్చుకోవలసిందే, ఎందుకంటే పులవని ఆ తియ్యటి రసం, కరేవే అంటారు, ఇంట్లో పసిపిల్లలకి తాగించేది. కాయగూరలు లేనిచోట విటమిన్లు అందులోంచే. ఒక రోజు ఉంచితే పులిసి కల్లవుతుంది, చర్చివాళ్ళు దానికి ఒప్పుకోరు, తాగేవాళ్ళు తాగుతారు. కాచితే ఎర్రటి పాకం, కమైమై అంటారు, నెలల తరబడి నిలవుంటుంది, నీళ్ళల్లో కలుపుకుని తాగుతారు. పూర్వం పడవ ప్రయాణాల్లో అదే తోడు.

మొగలి గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. మనం పూవు వాసన చూసి వదిలేస్తాం. వాళ్ళ రకానికి పెద్ద పండు కాస్తుంది, దాన్ని ఉడికించి, నలిపి, చాపల్లా ఎండబెట్టి దాచుకుంటారు. ఆకు కప్పుకీ చాపకీ తెరచాపకీ.

ఇప్పుడు ఊరి మధ్యలో ఉండే పెద్ద కట్టడం, మనియాబా. బయటినుంచి చూస్తే కప్పే కనపడుతుంది, చూరు అంత కిందికి ఉంటుంది. ఎంత పెద్దవాడైనా వంగే లోపలికి రావాలి. లోపల గోడల్లేవు, పగడపు రాతి స్తంభాలు, పైన కొబ్బరి కర్రలు, మేకు అనేది లేకుండా అన్నీ కొబ్బరి పీచు తాడుతో కట్టినవి. ప్రతి వంశానికీ అందులో ఒక చోటుంది, ఎవరి చోటు వాళ్ళదే, ఎవరు ముందు మాట్లాడాలి, ఎవరు జవాబివ్వాలి అన్నదీ వంశాన్ని బట్టే. నిర్ణయం ఊరి పెద్దలది, ఉనిమ్వానే అంటారు. గొడవైనా, విందైనా, పడవ కట్టడమైనా ఆ కప్పు కిందే తేలాలి. 1979 జులై 12న స్వతంత్రం వచ్చినప్పుడు వాళ్ళు పార్లమెంటుకి పెట్టుకున్న పేరులో కూడా మనియాబా ఉంది. మొదటి అధ్యక్షుడు ఇయెరెమియా తబాయికి అప్పుడు 29 ఏళ్ళు.

ఇంకో ఆచారం చెప్పాలి, బుబుటి. చుట్టం వచ్చి "నాకు ఇది కావాలి" అని అడిగితే కాదనకూడదు. వలైనా, సైకిలైనా, డబ్బైనా. ఇవాళ జీతాలొచ్చే ఉద్యోగులకి ఇది పెద్ద తలనొప్పిగా తయారైంది, దుకాణం పెట్టినవాడు చుట్టాలకే సరుకంతా ఇచ్చి మూసేసుకోవడమూ ఉంది. బయటివాళ్ళు అందుకే దీన్ని వెనకబాటు అంటారు. నేను ఒప్పుకోను. ఈ ఏడాది నా గుంట ఉప్పెక్కింది, నీది బాగుంది, వచ్చే ఏడాది ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. బ్యాంకు లేదు, ఇన్సూరెన్స్ లేదు, పక్క దీవికి వెళ్ళాలంటే పడవ మీద సముద్రం దాటాలి. అలాంటి చోట అడిగినవాడికి కాదనకూడదన్న నియమం లేకపోతే ఊరు ఒక్క కరువుకే ఖాళీ అయిపోయేది.

"డబ్బెలా వస్తుంది సార్?" ఎండు కొబ్బరి అమ్ముతారు, ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చి కొంటుంది, 2016లో కిలోకి రెండు ఆస్ట్రేలియా డాలర్లు చేసింది. కుర్రాళ్ళు సముద్ర శిక్షణ తీసుకుని విదేశీ ఓడల మీద పని చేసి పంపిస్తారు. ప్రభుత్వానికి మాత్రం ముఖ్యమైన ఆదాయం ట్యూనా చేపలు, విదేశీ ఓడలు వాళ్ళ సముద్రంలో పట్టుకున్నందుకు కట్టే ఫీజు.

అందరూ ఊళ్ళల్లోనే ఉన్నారనుకోకండి. జనంలో సగానికి పైగా ఇప్పుడు రాజధాని ఉన్న దక్షిణ టరావా అనే ఒక్క పట్టీ మీదున్నారు. 1943 నవంబరులో అమెరికాకీ జపాన్‌కీ ఘోరమైన యుద్ధం జరిగింది అక్కడే, బేటియోలో, మూడు నాలుగు రోజుల్లో వేలమంది పోయారు. తర్వాత ఆఫీసులు, ఆసుపత్రి, పెద్ద స్కూళ్ళు అక్కడే వచ్చాయి, దీవి ముక్కల మధ్య గట్లు వేసి రోడ్లు కలిపారు, బయటి దీవుల జనమంతా చేరారు. ఇసుక నేలలో మరుగుదొడ్డి గుంటా బావీ పక్కపక్కనే ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 1977లో కలరా వచ్చింది. ఆ తర్వాతే పైపు నీళ్ళ ఏర్పాటు చేశారు. ఆ నీళ్ళు బొన్రికి అనే చోట నేల కింద పొరలోంచి తోడతారు. పొర చెడకూడదని ఆ నేల మీద ఉన్నవాళ్ళని ఖాళీ చేయించి అద్దె కట్టారు. అంటే రాజధాని దాహం తీరడానికి కొన్ని ఇళ్ళవాళ్ళు తాతల గుంటలు వదులుకున్నారు. మనసులో మంట ఉండదా? ఇప్పటికీ అక్కడ తగాదాలున్నాయి. అంత చేసినా కుళాయి వచ్చేది ఎప్పుడో కొన్ని గంటలే. సముద్రపు నీటిని శుద్ధి చేసే ప్లాంటు ప్రాజెక్టు అందుకే పెట్టుకున్నారు.

నీళ్ళు చూడకుండా ఊరు పెడితే ఏమవుతుందో కూడా అక్కడే రుజువైంది. 1938లో బ్రిటిష్‌వాళ్ళు గిల్బర్ట్ దీవుల్లో, అంటే టరావా ఉన్న పడమటి గుంపులో, జనం ఎక్కువయ్యారని తూర్పున ఉన్న ఫీనిక్స్ దీవులకి కొన్ని కుటుంబాల్ని తీసుకెళ్ళి ఊళ్ళు పెట్టించారు. మ్యాప్ మీద బాగానే ఉంది, వాన లేదు. కరువుల మీద కరువులొచ్చి 1963కల్లా అందర్నీ సాలమన్ దీవులకి తరలించారు. ఆ ఊళ్ళు ఇప్పుడు ఖాళీ.

ఇక బనాబా. ఆరు చదరపు కిలోమీటర్ల దీవి, సముద్రం నుంచి 80 మీటర్లు లేచింది, లగూన్ లేదు, కరువు చోటు. అక్కడ నీళ్ళు భూమి లోపల గుహల్లో ఉండేవి, బంగబంగ అంటారు. వాటిల్లోకి ఆడవాళ్ళే వెళ్ళాలి, మగవాళ్ళు పోకూడదు. సన్నటి సందుల్లోంచి దివిటీ పట్టుకుని పాక్కుంటూ పోయి, కొబ్బరి చిప్పలతో నీళ్ళు నింపుకుని వచ్చేవాళ్ళు. ఏ గుహ ఎవరిదో, ఎన్ని చిప్పలు తీయాలో వాళ్ళకే తెలుసు. 1900లో ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఆయన ఆ దీవి రాయి ఫాస్ఫేటు అని కనిపెట్టి, ఏడాదికి 50 పౌండ్లకి, 999 ఏళ్ళకి ఒప్పందం రాయించుకున్నాడు. సంతకం పెట్టినవాళ్ళకి దీవంతటి తరఫునా మాట్లాడే హక్కే లేదు. 1979 దాకా తవ్వారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకి ఎరువుగా పోయింది. దీవి పైభాగం దాదాపు అంతా తోడేశారు, రాతి మొనలు మిగిలాయి.

యుద్ధంలో జపాన్ సైన్యం బనాబావాళ్ళని చుట్టుపక్కల దీవులకి పంపేసింది. యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్ళు వాళ్ళని సొంతూరికి తీసుకెళ్ళలేదు. 1945 డిసెంబరు 15న ఫిజీలోని రాబీ దీవిలో దింపారు, వెయ్యి మంది దాకా, గుడారాల్లో, తుఫాన్ల సీజన్లో. రాబీ కొండల దీవి, వానల దీవి, చలి. ఉప్పు నేలమీద బతికినవాళ్ళకి బురద కొత్త. ఆ దీవిని కొన్న డబ్బు కూడా వాళ్ళ ఫాస్ఫేటు మీద వచ్చిన వాళ్ళ సొమ్మే. తర్వాత వాళ్ళు లండన్‌లో కేసు వేశారు, జడ్జి మెగారీ స్వయంగా బనాబా వెళ్ళి చూసొచ్చాడు, అన్యాయం జరిగిందన్నాడు కానీ ప్రభుత్వం మీద చట్టప్రకారం ఏమీ చేయలేనన్నాడు. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు కోపం తగ్గదు. ఇప్పటికీ రాబీలో ఉన్నవాళ్ళకి కిరిబాస్ పార్లమెంటులో ఒక సీటుంది.

రాబీ ఉన్న ఆ ఉత్తర ఫిజీలోనే చెరుకుతోటల్లో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిరిమిట్ ఒప్పందం మీద వెళ్ళిన తెలుగు, తమిళ, మలయాళ కూలీల సంతతి. 1926లో వాళ్ళు నాడీలో పెట్టుకున్న సంగం అనే సంఘం ఇప్పటికీ స్కూళ్ళు నడుపుతోంది. ఒకళ్ళు ఒప్పందం కాగితంతో వచ్చారు, ఒకళ్ళు ఒప్పందం కాగితం వల్ల ఊరు పోగొట్టుకుని వచ్చారు.

"దీవులు మునిగిపోతాయంటారు కదా, నిజమా?" ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. 2010లో వెబ్, కెంచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పసిఫిక్‌లో 27 పగడపు దీవుల పాత ఫొటోలూ కొత్త ఫొటోలూ పోల్చి చూస్తే, 86 శాతం దీవుల విస్తీర్ణం అలాగే ఉంది లేదా పెరిగింది. కెరటాలు ఒకచోట కోసిన ఇసుకని ఇంకోచోట వేస్తాయి. ఇది విని కొందరు అయితే ఏ ప్రమాదమూ లేదు అన్నారు. అది తొందరపాటు. దీవి నీళ్ళ మీద కనపడుతూ ఉండగానే ఊరు పోవచ్చు. సముద్రం పెరిగేకొద్దీ కెరటం నేల మీదుగా దాటడం తరచుగా జరుగుతుంది, మంచినీటి పొర కోలుకునేలోపే ఇంకోసారి ఉప్పెక్కుతుంది. 2018లో మార్షల్ దీవుల్లో క్వాజలీన్ దగ్గర చేసిన పరిశోధన ఇదే చెప్పింది, చాలా అటాళ్ళు ఈ శతాబ్దం మధ్యకల్లా నివాసానికి పనికిరాకుండా పోవచ్చని, అదీ తాగునీళ్ళు చెడి.

2014లో అధ్యక్షుడు అనోటే టాంగ్ హయాంలో కిరిబాస్ ఫిజీలోని వనువాలేవు అనే దీవిలో 20 చదరపు కిలోమీటర్లకు పైగా ఒక ఎస్టేటు కొన్నది. ఒక దేశం ఇంకో దేశంలో నేల కొనుక్కోవడం. ఆ ఎస్టేటు మీద అప్పటికే ఒక ఊరుంది, ఒకప్పుడు సాలమన్ దీవుల నుంచి కూలికి తెచ్చినవాళ్ళ పిల్లల పిల్లలది. ఈ సంగతి వార్తల్లో చాలామంది రాయలేదు. 2016లో వచ్చిన కొత్త ప్రభుత్వం వలస మాట పక్కన పెట్టి, ఉన్నచోటే నేల ఎత్తు పెంచుదాం అంటోంది.

ఇంకో మనిషి గురించి చెప్పి ఆపేస్తాను, టైమైంది. ఇయోనే టెయిటియోటా అని, టరావాలో ఉండి వెళ్ళినవాడు, న్యూజిలాండ్‌లో పని చేసేవాడు. మా ఊళ్ళో నీళ్ళు ఉప్పెక్కాయి, నేల చాలక గొడవలవుతున్నాయి, నన్ను శరణార్థిగా చూడండి అని అడిగాడు. అన్ని కోర్టులూ కాదన్నాయి, 2015లో వెనక్కి పంపేశారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్ళాడు. 2020 జనవరిలో బయటికొచ్చిన తీర్పులో ఎక్కువమంది సభ్యులు, తాగడానికి నీళ్ళు అసలే దొరకట్లేదని అతను చూపించలేదన్నారు. ఇద్దరు సభ్యులు ఒప్పుకోలేదు. వాళ్ళల్లో వసిల్కా సాన్సిన్ అనే ఆవిడ, తాగగలిగే నీళ్ళు ఉన్నాయన్నంత మాత్రాన అవి సురక్షితమైనవని అనుకోకూడదని, సురక్షితమని చూపించాల్సిన బాధ్యత అతనిది కాదు, పంపించేసిన దేశానిదని రాసింది. నా ఓటు ఆవిడకే. ఆ తీర్పు మొత్తం నెట్‌లో ఉంది, ఇంగ్లీషు కాస్త కష్టపడితే పదో తరగతి పిల్లలు కూడా చదవగలరు, చదవండి, వచ్చే నెల కూర్చుని దాని మీద మాట్లాడుకుందాం.